జాన్ కర్వెన్ : బాలగాయకుల గురువు

సంగీతవిద్యలో పేరొందినవారి చరిత్రములు సాధారణముగ ఒకే తీరున ఆరంభమగును. శిశువు తొట్టెలో నుండగనే తాళము వేసెననియు, అయిదవ యేట వాద్యము పట్టెననియు, ఎనిమిదవ యేట సభను మెప్పించెననియు చదువుదుము. జాన్ కర్వెన్ గారి చరిత్రమును అట్లారంభించుటకు వీలులేదు. ఇరువదినాలుగేండ్లు నిండువఱకు ఆయన ఒక చిన్న కీర్తన వరుసనైనను పుస్తకము చూచి తనంతట తాను పాడలేకపోయెను. విన్న స్వరమును సరిగా పట్టుకొని తిరిగి పలుకుటయే ఆయనకు కష్టముగ నుండెడిది. అట్టివాడే తరువాతి కాలమున ఇంగ్లండు దేశమందలి లక్షలాది పేద బాలబాలికలు స్వరలిపి చూచి, నాలుగు గొంతులుగ విడివడి, కలసి పాడుటకు దారి వేసెను. పాట రానివాడు పాట నేర్పుట హాస్యాస్పదమని తోచవచ్చును. కాని ఆయనకు పాట సులభముగ వచ్చియుండిన యెడల, రానివాని కష్టమెక్కడ నున్నదో ఆయనకు తెలిసియుండెడిది కాదని నా యభిప్రాయము.

మిషను దేవాలయములలోని పాత ఇంగ్లీషు పాటల పుస్తకములను తిరుగవేసినవారు కొన్ని పుటలలో అయిదు గీతల సంగీతలిపికి మారుగ చిన్న ఆంగ్లాక్షరములును, వాని నడుమ నిలువు చుక్కల జతలును వరుసగ అచ్చు వేయబడియుండుట చూచియేయుందురు. టానిక్ సోల్ఫా అని పేరుగల యా లిపిని దేశదేశములకు పంపినవారు కర్వెన్ గారే. మన క్వయరు బాలురలో దానిని ఉపయోగించువారు నేడు తక్కువ. దాని వెనుకనున్న మనుష్యుని ఎఱిగినవారు మఱియు తక్కువ.

ఆయన 1816వ సంవత్సరము నవంబరు 14వ తేదీన యార్కుషైరు మండలమందలి హెక్మండ్వైకు అను ఊర జన్మించెను. సికిందరాబాదు దండులోని పరిశుద్ధ యోహాను దేవాలయము 1813లో వెలసినది గనుక, మన యూరిలో ఇంగ్లీషు కీర్తనలు వినబడ నారంభించిన కొద్దికాలమునకే ఆయన పుట్టెనని జ్ఞాపకముంచుకొనవచ్చును. తండ్రి స్పెడింగు కర్వెన్ గారు రాజకీయ సంఘములో చేరని స్వతంత్ర సంఘమునకు బోధకుడు. ఆ కాలమున అట్టి సంఘములవారికి ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో పట్టము పొందుటకు అవకాశము లేకుండెను. అందుచే జాన్ లండనులోని కవర్డు కళాశాలయందును, క్రొత్తగ స్థాపింపబడిన యూనివర్సిటీ కాలేజీయందును చదివి, తండ్రివలెనే బోధకవృత్తి నవలంబించెను. 1838లో బేజింగ్‌స్టోకు అను పట్టణమున సహాయ బోధకుడై, అక్కడనే ఒక చిన్న బడిని కూడ నడపెను.

ఆ బడియే ఆయనకు నిజమైన శిక్షణాలయము. స్విట్జర్లాండు దేశస్థుడైన పెస్టలోజీ గారి బోధనాసూత్రములు అప్పుడప్పుడే ఇంగ్లండులోనికి వచ్చుచుండెను. మనము ట్రయినింగు కాలేజీలో పరీక్షకొఱకు వల్లెవేసి, బడిలో అడుగుపెట్టగనే మరచిపోవు సూత్రములే అవి: వస్తువును ముందు చూపి పేరు తరువాత చెప్పవలెను, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను, సులభమైనది కఠినమైనదానికి ముందు రావలెను. కర్వెన్ గారు వీనిని మరువలేదు. అక్షరములు కూడ రాని పసివాండ్రకు చదువు చెప్పుటలో ఆయనకు గొప్ప నేర్పు కలిగెను. పాట విషయమున మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చెను. 1841లో స్టోమార్కెటు అను ఊరికి మారినప్పుడు అక్కడి సండేస్కూలులో బాలబాలికలు చాలమంది యుండిరి. పాడవలెనను ఉబలాటము వారికిని కలదు, ఆయనకును కలదు. పాట తెలిసిన యొకరు పాడి వినిపింప, పిల్లలు చెవిన బట్టి పాడుటయే జరుగుచుండెను. ఆ యొకరు రానినాడు పాట లేదు. క్రొత్త కీర్తన కావలసినప్పుడు మఱల ఆయన కాళ్లే పట్టుకొనవలెను. ఈ చిక్కు మన పల్లెసంఘములలోని ఉపాధ్యాయులకు బాగుగ తెలిసినదే.

అదే యేడు హల్లు నగరమున సండేస్కూలు ఉపాధ్యాయుల మహాసభ యొకటి జరిగెను. బడులలోను దేవాలయములలోను పాట ఎంత హీనస్థితిలో నున్నదో అందు చర్చకు వచ్చెను. బాలురకు సంగీతము నేర్పుటకు మిక్కిలి సులభమైన మార్గమేదో వెదకి, దానిని దేశములో వాడుకలోనికి తెచ్చు బాధ్యతను సభవారు కర్వెన్ గారిమీద నుంచిరి. పాటరాని యువకునికి ఈ పని నొప్పగించుట విడ్డూరమే. పిల్లలకు బోధించుటలో ఆయనకుగల పేరునుబట్టి అట్లు చేసిరి. ఆయన ఆ మాటను సభామర్యాదగ తీసికొనక తక్కిన జీవితమంతయు దానికే ధారపోసెను.

అంతకుముందే ఆయన అయిదు గీతల లిపిని నేర్చుకొన యత్నించి విసిగియుండెను. అప్పుడొక చిన్న పుస్తకము ఆయన చేతికి వచ్చెను. నార్విచ్ పట్టణములోని ఒక గురువుగారి కుమార్తె సారా గ్లోవరు అను ఆమె దానిని 1835లో ప్రకటించియుండెను. ఈమె తండ్రిగారి సంఘములోని పేదపిల్లలకు పాట నేర్పుచు, అనుభవముమీద ఒక పద్ధతిని కల్పించుకొనెను. గోడకు స్వరముల నిచ్చెన యొకటి వ్రేలాడదీసి, కఱ్ఱతో ఒక్కొక్క మెట్టును చూపుచు పిల్లలచే పాడించెడిది. కర్వెన్ గారు ఆ పుస్తకమును సాధన చేసి, రెండు వారములలో ఒక కీర్తన వరుసను స్వరములనుబట్టి తనంతట తాను పాడగలిగెను. ఎన్నో నెలలు ప్రయాసపడియు సాధింపజాలనిది పదునాలుగు దినములలో చేకూరెను. తానున్న యింటిలోని యొక బిడ్డకు దానిని నేర్పిచూడగ ఆ బిడ్డకును వచ్చెను. అటుతరువాత ఆయనకు సందేహము లేదు.

ఆ పద్ధతిలోని మర్మమేమి? మన దేశపు విద్యార్థికి దీనిని తెలుపుట ఇంగ్లండు విద్యార్థికి తెలుపుటకంటె సులభము. అయిదు గీతల లిపిలో ప్రతి స్వరమునకు నిర్ణీతమైన స్థానము కలదు. పాట యొక్క ఆధారస్వరము మారిన కొలది ఆ గీతలమీద ముళ్లవంటి గుర్తులు ఒకటి, రెండు, మూడు అని పెరుగుచుండును. ఒకే పాటను కొంచెము హెచ్చు శ్రుతిలో వ్రాసిన యెడల కంటికి క్రొత్త పాటవలె కనబడును. చెవికి మాత్రము అది పాత పాటయే. మన గాయకుడు తంబురా శ్రుతి చేసికొని ఎక్కడ ఆధారము పెట్టునో అదియే షడ్జము. ఒకటిన్నర శ్రుతియైనను, అయిదు శ్రుతియైనను సరిగమపదనులు మారవు. షడ్జముతోనున్న సంబంధమునుబట్టియే రిషభము రిషభమగును, పంచమము పంచమమగును. మనకు నాలుగు వరుసలు పాడిన పిల్లవానికి కూడ తెలిసిన యీ సంగతియే గ్లోవరమ్మ నిచ్చెనకు మూలము. నిచ్చెన అడుగుమెట్టు ఎక్కడ పెట్టినను దాని పేరు డో. తక్కినవి రే, మి, ఫా, సోల్, లా, టీ. ఏడవదానికి ఐరోపాలో సీ అను పేరుండగ, సోల్‌కును సీకిని మొదటి యక్షరమొకటియగుట గమనించి ఆమె దానిని టీ అని మార్చెను. మన యేడు స్వరములకును మొదటి యక్షరములు ఒకదానితో నొకటి కలియకుండుటచేతనే మనవారు వానిని అక్షరములతోనే వ్రాసికొనగలిగిరి. ఆమెకు మన పద్ధతి తెలిసియే చేసెనని నేను చెప్పుటలేదు. చెవి నడిగినవారు ఎక్కడనున్నను ఒకచోటికే చేరుదురు గాబోలును.

కర్వెన్ గారు ఆమె పద్ధతిని ఉన్నదున్నట్లుగ గైకొనలేదు. ఆమె వాడిన పెద్ద అక్షరములకు బదులు చిన్న అక్షరములు పెట్టెను. పై స్థాయికిని క్రింది స్థాయికిని అక్షరము ప్రక్కన చిన్న గీటు చేర్చెను. తాళమునకై నిలువు గీతలను, చుక్కల జతలను ఏర్పఱచెను. బలమైన దెబ్బకు ముందు గీత, బలహీనమైన దెబ్బకు ముందు చుక్కలు; వాని నడుమ దూరము సమానముగ నుండుటచే కాలప్రమాణము కంటికే తెలియును. ఈ మార్పులను గ్లోవరమ్మ సమ్మతి ముందుగ పొందకయే ఆయన ప్రకటించెను; ఆమెకు కష్టము తోచెను. ఆయన ఆమె పాఠశాలను దర్శించెను. ఆమె పేరును ఎన్నడును మరుగుపఱుపక తనకు మార్గము చూపినది ఆమెయేయని చెప్పుచు వచ్చెను. అయినను ముందు అడిగియుండవలసినది. మంచి పనియైనంత మాత్రమున ఇతరుల సొత్తును అడుగక దిద్దుకొనవచ్చునా యని మన తర్కసభలవారు వాదించుకొనదగిన విషయమిది.

అదే 1841లో లండను నగరమందు ఎక్సిటరు హాలులో జాన్ హల్లా అను సంగీతజ్ఞుడు ఉపాధ్యాయులకు పాట తరగతులు ఆరంభించెను. ఆయనకు ప్రభుత్వమువారి యాదరణ కలదు, జనులు వేలకొలది చేరిరి. ఆయన ఫ్రాన్సునుండి తెచ్చిన పద్ధతిలో డో అను పేరు ఒకే స్వరమునకు మేకుతో కొట్టినట్లు స్థిరముగ నుండును. ఆ శ్రుతిలోని పాటలు నడచినంతకాలము పాఠములు సాఫీగ సాగెను. వేఱు శ్రుతిలోని పాట రాగానే పేర్లకును చెవికిని పొత్తు కుదరక శిష్యులు తడబడిరి. తంబురా పంచమమున మ్రోగుచుండ గాయకుని మధ్యమమున షడ్జము పెట్టి పాడుమన్నట్లుండెను. తుదకు పల్లెబోధకుని నిచ్చెనయే నిలిచెను. హల్లా గారు 1872లో ప్రభుత్వ సంగీత పరీక్షాధికారియైన తరువాత కూడ ఈ పద్ధతికి అనుకూలుడు కాలేదు. పెద్దవారి చల్లనిచూపు లేకయే అది పెరిగినదని గ్రహింపవలెను.

1844లో కర్వెన్ గారు లండను నగరమునకు తూర్పుననున్న ప్లేస్టోకు సంఘబోధకులుగ వచ్చిరి. మఱుసటి యేట మేరీ జేన్ తాంప్సను అను కన్యను వివాహమాడిరి. ఇరువది సంవత్సరములు అచ్చటనే బోధకత్వమును పాట పనియు జోడెద్దులవలె నడచెను.

ఆయన తరగతి నడుపు విధమును కొంచెము వివరింపవలెను, ఏలయన అసలు విద్య అందున్నది. గోడమీద మాడ్యులేటరు అను నిలువు పట్టము. దానిమీద స్వరములు క్రిందినుండి పైకి. ఉపాధ్యాయుడు మొదట డో, మి, సోల్ అను మూడింటినే, అనగ మన షడ్జము, అంతరగాంధారము, పంచమములనే నేర్పును. అవి ఒకదానితో నొకటి స్నేహముగ నుండు స్వరములు గనుక చెవి త్వరగ పట్టును. తక్కినవి పిమ్మట ఒక్కొక్కటిగ వచ్చును. ఉపాధ్యాయుడు పాడునప్పుడు పిల్లలు వినవలెను; పిల్లలు పాడునప్పుడు ఉపాధ్యాయుడు వినవలెను. శిష్యులతో కలిసి గురువు పాడకూడదను నియమమును ఆయన మిక్కిలి గట్టిగ పెట్టెను. ఇది చిన్నదిగ కనబడును గాని ఆచరించి చూచినవారికి దీని విలువ తెలియును. గురువు గొంతెత్తి ముందు నడచిన యెడల పిల్లలు ఆ గొంతు వెనుక దాగుకొని క్షణము ఆలస్యముగ అనుసరింతురు. ఆయన నోరు మూసిన దినమున వారి పాటయు మూతపడును.

ప్రతి స్వరమునకు ఒక గుణము కలదని ఆయన పిల్లలకు చెప్పుచుండెను. డో దృఢమైనది, సోల్ తేజస్సుగలది, మి శాంతమైనది, లా దుఃఖముగలది, టీ పైకి చూచునది. టీకి డోను చేరువఱకు నిలకడ లేదు. స్వరమునకు రసమును చెప్పుట మన శాస్త్రములలో పురాతనము. పసిపిల్లవాడు ఎత్తును లెక్క కట్టజాలడు గాని ముఖమును గుర్తుపట్టును. స్వరములకు ముఖములు కల్పించుటయే ఆయన యుపాయము. 1870లో దీనికి చేతిసైగలను కూడ చేర్చెను. డోకు బిగించిన పిడికిలి. మికి బల్లపరుపుగ చాపిన అరచేయి. లాకు మణికట్టునుండి క్రిందికి వాలిన చేయి. టీకి పైకి చూపు చూపుడువ్రేలు. పట్టము లేనిచోట, పుస్తకము లేనిచోట, ఉపాధ్యాయుని చేయియే పుస్తకమయ్యెను. రెండు చేతులతో రెండు సైగలు చూపి తరగతిని రెండు పాయలుగ పాడించుటయు సాధ్యమే.

ఈ పద్ధతి వ్యాపించుటకు మఱియొక హేతువు ధనమునకు సంబంధించినది. గీతల సంగీతమును అచ్చువేయుటకు ప్రత్యేకమైన అచ్చులు, నిపుణులైన పనివారు కావలెను; పుస్తకము వెల పెరుగును. అక్షరములును చుక్కలును ఏ చిన్న ముద్రాక్షరశాలలోనైనను దొరకును. బొగ్గుగనులలోను నూలుమిల్లులలోను పనిచేయువారి బిడ్డలు ఒక పెన్నీ పెట్టి పాటల కాగితము కొనగలిగిరి. వారపత్రికలు, మాసపత్రికలు, బోధనగ్రంథములు ఆయన వరుసగ వెలువరించెను. టానిక్ సోల్ఫా రిపోర్టరు అను పత్రిక 1851లో మొదలయ్యెను. 1853లో సోల్ఫా సంఘము స్థాపింపబడెను. తుదకు ప్లేస్టోలో సొంత ముద్రాక్షరశాలయే పెట్టవలసివచ్చెను. పని హెచ్చి ఆరోగ్యము చెడగ 1856లో విశ్రాంతికై జర్మనీకి పోయిరి. అక్కడను విశ్రమింపక బడులే చూచుచు తిరిగిరి.

సంఘమువారు యోగ్యతాపత్రములు కూడ ఇచ్చుచుండిరి. ఇందులో విశేషమేమనగ, ప్రతి బాలుడును ఒంటరిగ నిలువబడి పరీక్ష ఈయవలెను. గుంపులో కలిసి పాడు విద్యకు ఒంటరి పరీక్ష యేలయని అడుగవచ్చును. గుంపులో పదిమంది తెలిసి పాడుచుండ ముప్పదిమంది పెదవులు కదుపుట ఏ క్వయరు ఉపాధ్యాయుడు ఎఱుగడు? ఆ ముప్పదిమందిని బయటికి పంపుట సులభమైన పని. మన బడులలో కచేరీ దినములు సమీపింపగ మంచి గొంతుకలను ఏఱుకొని తక్కినవారిని కుర్చీలు మోయుటకు నియమించు ఆచారము నేటికిని కలదు. కర్వెన్ గారు అట్లు చేసియుండిన యెడల మొదట తనను తానే బయటికి పంపుకొనవలసి వచ్చెడిది. ఒక్కొక్కని వేఱుగ పిలిచి, ఎక్కడ తప్పుచున్నాడో విని, ఆ మెట్టునుండి మఱల ఎక్కించుటయే ఆయన మార్గము.

దాని ఫలము 1857 సెప్టెంబరులో లోకమునకు కనబడెను. 1851 నాటి మహాప్రదర్శనముకొఱకు గాజుతోను ఇనుముతోను కట్టిన స్ఫటికసౌధమును లండనుకు దక్షిణముననున్న సిడెన్‌హామునకు మార్చి 1854లో తెరచియుండిరి. ఆ సౌధమున సోల్ఫా తరగతుల బాలబాలికలు ఇంచుమించు 3,200 మంది ఒక్క గాయకబృందముగ నిలిచి పాడిరి. వినుటకు 30,000 మంది వచ్చిరి. అంతటి బాలబృందమును సిద్ధము చేయుటలోనున్న చిక్కును చదువరులు ఊహింపవలెను. నలువదిమందిని ఒక గదిలో కూర్చుండబెట్టి ఒక పాట కుదుర్చునప్పటికే మనకు ప్రాణము విసుగును. ఆ 3,200 మంది వేఱువేఱు పేటల బడులనుండి, వేఱువేఱు ఉపాధ్యాయుల చేతులనుండి వచ్చినవారు. అందఱకును ఒకే కాగితము, ఒకే పేర్లు, ఒకే తాళపు గుర్తులు. ఈ పేటలో నేర్చిన మి ఆ పేటలో నేర్చిన మియే. పెద్ద యింటికి తలుపులొకచోట, కిటికీలొకచోట చేసి తెచ్చి కూర్చునట్లు ఆ పాటను కూర్చిరి. అంతవఱకు సోల్ఫాను పిల్లల ఆటగ నెంచినవారు ఆనాటినుండి దానినిగూర్చి జాగ్రత్తగ మాటలాడ మొదలిడిరి.

సంగీతవిద్వాంసులలో పలువురు ఒప్పుకొనలేదు. వారి ఆక్షేపణలలో కొన్ని న్యాయమైనవే. అక్షరములు మాత్రమే నేర్చినవాడు వయొలిను వాయించువారి నడుమ కూర్చుండినచో మూగవాడగును. పాట నడుమ ఆధారశ్రుతి మాటిమాటికి మారు కఠిన రచనలలో ఈ లిపి గజిబిజియగును. సోల్ఫాను గీతల లిపికి మెట్టుగ వాడుకొమ్మని కర్వెన్ గారే మొదట చెప్పుచుండిరి. 1872 ప్రాంతమున గీతల లిపిని తమ పాఠక్రమమునుండి తీసివేసి, సోల్ఫా తనకు తానే చాలునని నిలిచిరి. ఇచ్చట ఆయన కొంచెము మొండిపట్టు పట్టిరనియే నా తలంపు. పిల్లవానికి మెట్లు కట్టి మేడ లేదనుట తగదు.

మన విషయమున మఱియొక మాట. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేకము పురుషోత్తమ చౌదరిగారివంటి కవులు రాగతాళములతో రచించినవి. వీనిని సోల్ఫా అక్షరములలో దింపవచ్చును. దింపి పాడినచో రాగమునకు ప్రాణమైన గమకము రాలిపోయి, ఎముకల గూడు మిగులును. స్వరమునుండి స్వరమునకు జారుట, ఊగుట ఆ మెట్లలో ఇమడవు. అందుచే నాలుగు గొంతుల ఇంగ్లీషు పాటలకు కర్వెన్ గారి నిచ్చెనను, మన కీర్తనలకు గురుముఖమును ఆశ్రయించుట మేలు. అయినను పిల్లలతో కలిసి పాడవద్దను ఆయన నియమము రెండింటికిని వర్తించును.

1864లో ఆయన బోధకవృత్తిని విడిచి పూర్తిగ ఈ పనిలోనే యుండిరి. 1867లో పారిసు నగరపు మహాప్రదర్శనమున జోసెఫ్ ప్రౌడ్‌మను నాయకత్వమున వెళ్లిన సోల్ఫా బృందము గానపోటీలో బహుమానము గెలిచెను. గ్లోవరమ్మ ఆ యేడే కాలధర్మము నొందెను. 1869లో సోల్ఫా కళాశాల ఏర్పడి, పాట నేర్పువారికి శిక్షణ నిచ్చెను. దాని సొంత భవనమునకు 1879లో ఫారెస్టుగేటు అను పేటలో పునాది వేసిరి. 1875లో వెలువడిన ఉపాధ్యాయుల మాన్యువలు ఆయన అనుభవమంతటికిని కోశము. గొంతునకు అలసట కలుగకుండ సాధన చేయుట మొదలు తరగతిలో క్రమము నిలుపుట వఱకు దానిలో లేని విషయమరుదు.

1880 జనవరిలో ఆయన భార్య గతించిరి. ముప్పదియైదేండ్ల తోడు పోయిన పిమ్మట ఆయన ఎంతోకాలము నిలువలేదు. ఆ యేడు మే 26వ తేదీన మాంచెస్టరు సమీపమున మరణించిరి. వెస్లియను మిషనువారు సికిందరాబాదులో పని ప్రారంభించుటయు ఇంచుమించు ఆ కాలముననే. 1891 నాటికి ఇంగ్లండు ప్రాథమిక పాఠశాలలలో 25 లక్షల బాలబాలికలు సోల్ఫా నేర్చుచుండిరని లెక్క. పెద్ద కుమారుడు జాన్ స్పెన్సరు కర్వెన్ 1882లో స్ట్రాట్‌ఫర్డు పేటలో గానపోటీల యుత్సవము నారంభించెను. కోడలు ఆనీ కర్వెన్ పిల్లలకు పియానో నేర్పుటకు గ్రంథములు వ్రాసెను. ఇరువదవ శతాబ్దమున హంగేరీ దేశపు సంగీతకర్త జోల్తాన్ కొడాయి ఆ చేతిసైగలను తమ దేశపు బడులలోనికి తీసికొనిపోయెను. సైగల రూపము కొంచెము మారినను పిడికిలి డోగానే నిలిచినది.

మిషనరీలవెంట ఆ లిపి మడగాస్కరునకును, దక్షిణాఫ్రికాకును, పసిఫిక్కు దీవులకును పోయెను. జోహానెస్‌బర్గు చెంతనున్న నాన్స్‌ఫీల్డు అను చోట ఈనక్ సొంటొంగా అను నల్లజాతి యువకుడు మెథడిస్టు మిషను బడిలో ఉపాధ్యాయుడు, గాయకబృందమునకు నాయకుడు. తన బడిపిల్లలు పాడుకొనుటకై అతడు 1897లో ఆఫ్రికాను దీవింపుమని దేవుని వేడుకొను పాట యొకటి కట్టెను. అతడు 1905లో చనిపోయెను. ఆ పాట బడినుండి దేవాలయములకును, దేవాలయములనుండి స్వాతంత్ర్యసభలకును ప్రాకి, నేడు దక్షిణాఫ్రికా జాతీయగీతములో భాగమైయున్నది. దానిని అతడు పిల్లలకొఱకు వ్రాసికొన్నది చిన్న అక్షరములతోను చుక్కల జతలతోను, ప్లేస్టో బోధకుడు దిద్దిన లిపిలోనే.